గిల్బర్టులు, బేతరాజులు, గ్రాంప్స్: వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌కు ఒక గట్టి పరీక్ష

సొంత కుటుంబంతో పరీక్షిస్తే వంశవృక్షం సాఫ్ట్‌వేర్ ఏదైనా బాగానే కనిపిస్తుంది. నాలుగు తరాలు, నలభై పేర్లు, పుట్టిన తేదీలు చాలావరకు ఆధార్ కార్డులోనే ఉంటాయి. దాని పస తెలియాలంటే ఒకే పేరు తరం విడిచి తరం తిరిగొచ్చే వంశం కావాలి. ఇంటిపేరు మధ్యలో పుట్టిన వంశం, పుట్టిన ఏడు ఎక్కడా రాసి లేని మనుషులు కావాలి. అందుకని గ్రాంప్స్ అనే వంశవృక్షం ప్రోగ్రాంలో రెండు వంశాలు ఎక్కించి చూశాం. మొదటిది 1066లో నార్మన్లతో ఇంగ్లండు చేరిన క్లేర్ వంశం, దానితోపాటు దానితో వియ్యమందిన మార్షల్ వంశం. రెండోది మన ఓరుగల్లు కాకతీయులది. ఈ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు గానీ, కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు వచ్చే చిక్కులు మాత్రం అన్నదమ్ముల్లా ఉన్నాయి.

గ్రాంప్స్ ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలో నడుస్తుంది. చందా లేదు, లాగిన్ లేదు, రాసుకున్నదంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఇది డెస్క్‌టాప్ ప్రోగ్రాం కాబట్టి బస్సులో కూర్చుని ఫోన్లో చేసుకుందామనుకునే వాళ్ళకు పనికిరాదు. లినక్స్‌లో వేసుకునేవాళ్ళు గ్రాఫ్‌విజ్ అనే ప్యాకేజీని కూడా వేసుకోవాలి, లేకపోతే గీతల చార్టులు కొన్ని రావు.

మొదటి గంట మాత్రం విసుగు పుట్టిస్తుంది. తెరవగానే ఖాళీ కిటికీ, చెయ్యి పట్టుకుని నడిపించేది ఏమీ లేదు. ఫ్యామిలీ ట్రీస్ మెనూలో మేనేజ్ ఫ్యామిలీ ట్రీస్‌కు వెళ్ళి, న్యూ నొక్కి, పేరు పెట్టి, లోడ్ చేయాలి. కొత్తవాళ్ళు తడబడేది ఆ తర్వాత: మనిషి రికార్డులో 'తండ్రి పేరు' అనే గడి ఉండదు. తండ్రి, తల్లి, పిల్లలు కలిసి 'ఫ్యామిలీ' అనే వేరే రికార్డు అవుతుంది. మొదట మనుషులను, తర్వాత ఫ్యామిలీని కట్టాలి. మారు పెళ్ళి అయితే రెండో ఫ్యామిలీ రికార్డు పుడుతుంది. ఇజబెల్ మార్షల్‌కు గిల్బర్ట్ డి క్లేర్‌తో ఒకటి, అతను 1230లో పోయాక 1231లో కార్న్‌వాల్ రిచర్డ్‌తో రెండోది. ఈ పద్ధతి అర్థమైతే సగం గ్రాంప్స్ వచ్చినట్టే.

ఇక పేర్లు. ఇక్కడే ఈ ప్రోగ్రాం మిగతావాటికంటే నాలుగు మెట్లు పైన ఉంది.

నార్మండీలో బ్రియోన్ అనే చోటికి కౌంటు, అంటే ప్రభువు, గిల్బర్ట్. అతని కొడుకు రిచర్డ్‌కు విజేత విలియం సఫక్‌లో క్లేర్‌నూ, కెంట్‌లో టన్‌బ్రిడ్జ్‌నూ ఇచ్చాడు. పాత పత్రాల్లో ఈ ఒక్క మనిషే రిచర్డ్ ఫిట్జ్ గిల్బర్ట్, బియెన్‌ఫైత్ రిచర్డ్, టన్‌బ్రిడ్జ్ రిచర్డ్, క్లేర్ రిచర్డ్ అని నాలుగు రకాలుగా కనిపిస్తాడు. ఫిట్జ్ అంటే 'ఫలానావాడి కొడుకు'. మిగతా మూడూ ఊళ్ళ పేర్లు. ఊరి పేరే ఇంటిపేరు కావడం తెలుగువాడికి ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. కానీ మామూలు యాప్‌లు 'సర్‌నేమ్' అని ఒకే గడి ఇస్తాయి. అందులో 'డి క్లేర్' అని రాస్తే, క్లేర్‌ను కంటితో చూడని బ్రియోన్ గిల్బర్ట్ కూడా 'డి క్లేర్' అయి కూర్చుంటాడు. నెట్‌లో తిరిగే చెట్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

గ్రాంప్స్‌లో ఇంటిపేరుకు వరసగా గడులుంటాయి: ప్రిఫిక్స్, సర్‌నేమ్, కనెక్టర్, ఆరిజిన్. 'ఫిట్జ్'ను ప్రిఫిక్స్‌లో, 'గిల్బర్ట్'ను సర్‌నేమ్‌లో పెట్టి ఆరిజిన్‌లో పాట్రొనిమిక్, అంటే తండ్రి పేరు నుంచి వచ్చినది, ఎంచుకోవాలి. 'డి' ప్రిఫిక్స్‌లో, 'క్లేర్' సర్‌నేమ్‌లో పెట్టి ఆరిజిన్‌లో లొకేషన్ ఎంచుకోవాలి. మిగిలిన రూపాలు మనిషి రికార్డులోని నేమ్స్ ట్యాబ్‌లో ప్రత్యామ్నాయ పేర్లుగా చేరతాయి, ఒక్కో రూపానికీ అది దొరికిన పత్రాన్ని విడిగా జతచేయొచ్చు. ఇలా చేస్తే తండ్రి 'బ్రియోన్', కొడుకు 'ఫిట్జ్', మనవడు 'క్లేర్' కింద జాబితాలో చెల్లాచెదురవుతారు కదా అంటే, పేరు కిటికీలో 'గ్రూప్ యాజ్' అనే గడి ఉంది. అందులో అందరికీ 'క్లేర్' అని రాస్తే అసలు పేరు చెడకుండా జాబితాలో ఒకే చోట నిలుస్తారు.

తెలుగులో టైపు చేసేవాళ్ళు ముందే చేసుకోవాల్సిన పని ఇంకొకటుంది. ప్రిఫరెన్సెస్‌లో పేరు చూపించే పద్ధతిని మార్చి 'ఇంటిపేరు, ఖాళీ, పేరు' అని సొంత నమూనా రాసుకోవాలి. లేకపోతే 'ఇందులూరి, అన్నయ' అని మధ్యలో కామాతో ఓటరు జాబితాలా కనబడుతుంది.

ఒకే పేరు తిరిగి రావడం రెండో చిక్కు. క్లేర్ పెద్దలను వరసగా చదివితే గిల్బర్ట్, రిచర్డ్, గిల్బర్ట్, రిచర్డ్, గిల్బర్ట్. కాకతీయులను చదివితే బేతరాజు, ప్రోలరాజు, బేతరాజు, ప్రోలరాజు. తాత పేరు మనవడికి పెట్టడం అక్కడా ఇక్కడా ఒకటే. ఒక మనిషిని ఫ్యామిలీలో చేర్చేటప్పుడు వచ్చే ఎంపిక కిటికీలో ఏడుగురు గిల్బర్టులు ఒకరి కింద ఒకరు నిలబడితే తప్పు గిల్బర్ట్‌ను నొక్కడం ఖాయం. అందుకే సఫిక్స్ గడిలో చనిపోయిన ఏడు రాసుకోవాలి: గిల్బర్ట్ మ.1230, గిల్బర్ట్ మ.1295, గిల్బర్ట్ మ.1314. కాకతీయులకైతే చరిత్రకారులు వాడే మొదటి, రెండవ సరిపోతాయి. ఇద్దరు మహాదేవులుండే చోట మాత్రం మాట రాయాలి. గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు వేరు, ప్రతాపరుద్రుడి తండ్రి మహాదేవుడు వేరు. ఇద్దరినీ ఒకరిగా కలిపేస్తే గణపతిదేవుడి మనవరాలు తన ముత్తాతనే పెళ్ళాడినట్టు అవుతుంది, చార్టులో గీత గుండ్రంగా తిరిగి వస్తుంది.

డూప్లికేట్లు వెతికే పరికరం టూల్స్ మెనూలో ఉంది. అందులో సౌండెక్స్ అనే ఎంపిక ఇంగ్లీషు అక్షరాల ధ్వని మీద కట్టినది, తెలుగు లిపికి పనికిరాదు, దాన్ని తీసేయండి. పైగా ఇలాంటి వంశాల్లో ఈ పరికరం చూపించే జంటల్లో చాలావరకు నిజంగానే వేరు మనుషులు. మెర్జ్ బటన్ నొక్కే ముందు రెండు రికార్డుల పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

పాలన వరసను పుట్టుక వరస అనుకోవడం మూడో చిక్కు. దీనికి సాఫ్ట్‌వేర్ అడ్డుపడదు, మనమే చూసుకోవాలి. హెర్ట్‌ఫర్డ్ ఎర్ల్ (అదొక ప్రభువు బిరుదు) అయిన గిల్బర్ట్ తర్వాత రోజర్ ఎర్ల్ అయ్యాడు కాబట్టి రోజర్ అతని కొడుకు అనిపిస్తుంది, నిజానికి తమ్ముడు. ఇక్కడ రుద్రదేవుడి తర్వాత మహాదేవుడు, ఆ తర్వాత గణపతిదేవుడు. మహాదేవుడు రుద్రదేవుడి తమ్ముడు, గణపతిదేవుడు మహాదేవుడి కొడుకు. అందుకే పాలనను ఈవెంట్‌గా విడిగా రాయాలి. 'నోబిలిటీ టైటిల్' అనే ఈవెంట్ రకం తయారుగా ఉంది. తేదీ గడిలో '1158 నుంచి 1195' అనే అర్థంలో ఫ్రమ్, టు వాడితే వ్యవధిగా నమోదవుతుంది. ఫ్యామిలీ రికార్డులో మాత్రం పుట్టుకకు రుజువు ఉన్నప్పుడే గీత గీయాలి.

దత్తత విషయంలో గ్రాంప్స్ మన ఇళ్ళకు కుట్టించినట్టే ఉంది. ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు. అమ్మమ్మ అతన్ని దత్తత తీసుకుంది. గ్రాంప్స్‌లో ఒకే మనిషి రెండు ఫ్యామిలీల్లో బిడ్డగా ఉండొచ్చు: ముమ్మడమ్మ, మహాదేవుల ఫ్యామిలీలో 'బర్త్' అని, రుద్రమ ఫ్యామిలీలో 'అడాప్టెడ్' అని. తల్లితో సంబంధం, తండ్రితో సంబంధం విడివిడిగా ఎంచుకోవాలి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పూర్వీకుల చార్టులు వరసలో మొదట ఉన్న తల్లిదండ్రుల వెంటే నడుస్తాయి. దత్తత ఫ్యామిలీ మొదట ఉంటే చార్టులో ముమ్మడమ్మ మాయమై, ప్రతాపరుద్రుడు నేరుగా రుద్రమ కొడుకైపోతాడు. రీఆర్డర్ ఎంపికతో జన్మనిచ్చిన ఫ్యామిలీని పైకి తేవాలి.

రుద్రమదేవి రికార్డు మరో మంచి పరీక్ష. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఆ పేరు చూసి కొత్త మగ మనిషిని సృష్టించకూడదు, 1195 దాకా ఏలిన రుద్రదేవుడితో కలపనూ కూడదు. స్త్రీగానే ఉంచి, 'రుద్రదేవ మహారాజు'ను ప్రత్యామ్నాయ పేరుగా, శాసనాన్ని ఆధారంగా జతచేయాలి.

తేదీల దగ్గర రెండు వైపులా నొప్పి ఉంది. ఇంగ్లండులో 12వ శతాబ్దం చివరి నుంచి ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1752 నుంచే జనవరి 1కి మారింది. అంటే పత్రంలో '1230 ఫిబ్రవరి' అని ఉంటే మన లెక్కలో అది 1231. గ్రాంప్స్ తేదీ కిటికీలో క్యాలెండర్‌ను జూలియన్‌గా మార్చే ఎంపిక, కొత్త ఏడాది ఎప్పుడు మొదలని చెప్పే గడి రెండూ ఉన్నాయి. చాలా ప్రోగ్రాముల్లో ఈ రెండోది కనిపించదు. మన శక సంవత్సరం మాత్రం ఇందులో లేదు. ఇస్లామిక్, పర్షియన్, హీబ్రూ క్యాలెండర్లు ఉండి శాలివాహన శకం లేకపోవడం కొరతే. లెక్క చేత్తో వేసుకోవాలి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 చిత్రభాను సంవత్సర మాఘమాసం నాటిది. 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం వచ్చేసరికి జనవరి దాటుతుంది కాబట్టి 1163 అవుతుంది. చైత్రం నుంచి మార్గశిరం దాకా సాధారణంగా 78, మాఘ ఫాల్గుణాలకు 79, పుష్యమైతే తిథి చూసుకుని తేల్చుకోవాలి. తేదీ గడిలో జూలియన్ తేదీ పెట్టి, శాసనంలోని మాటలను నోట్‌లో యథాతథంగా రాయండి. శక సంవత్సరాన్ని తేదీ గడిలోనే మాటలుగా రాసేస్తే అది తేదీల వరసలోకి రాదు.

పుట్టిన ఏడు తెలియనప్పుడు ఊహించి అంకె వేయొద్దు. ఇజబెల్ తండ్రి విలియం మార్షల్‌కు '1146, 1147 మధ్య' అని బిట్వీన్ వాడొచ్చు. ఇంగ్లండులో రాజు దగ్గర నేరుగా భూమి పొందిన ప్రభువు చనిపోతే, అధికారి ఊరివాళ్ళను కూర్చోబెట్టి ప్రమాణం చేయించి, భూములెన్ని, వారసుడెవరు, వయసెంత అని రాయించేవాడు. మన పంచనామా లాంటిదే. 13వ శతాబ్దం నుంచి రాసిన ఆ పత్రాల చుట్టలు ఇప్పుడు లండన్‌లోని క్యూ దగ్గర నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో '21 ఏళ్ళు, ఆపైన' అని ఉంటే అర్థం కనీసం 21 అని మాత్రమే. విచారణ జరిగిన ఏడాదిలోంచి 21 తీసేసి, ముందు 'బిఫోర్' పెట్టి, క్వాలిటీ గడిలో 'కాల్‌క్యులేటెడ్' ఎంచుకోవాలి.

ఆధారాలు రాసుకునే ఏర్పాటు కోసమైనా గ్రాంప్స్ నేర్చుకోవచ్చు. సోర్స్ ఒకటి, దానిలోని ఫలానా చోటు చూపించే సైటేషన్ ఒకటి, అది భద్రంగా ఉన్న చోటు, అంటే రిపాజిటరీ ఒకటి. బయ్యారం చెరువు శాసనాన్ని తీసుకోండి. గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించినది. బేతరాజుకు ముందున్న వెన్నరాజు, గుండరాజులు, ఎర్రరాజు వంటి పెద్దల వరస తెలిసేది ముఖ్యంగా దీనివల్లే. దీన్ని ఒకే సోర్స్‌గా పెట్టి, ఏ పేరు ఏ శ్లోకంలో వస్తుందో సైటేషన్‌లోని పేజీ గడిలో రాస్తే, ఒక్క శాసనం మీద ఎంతమంది ఆధారపడ్డారో ఒక్క నొక్కుతో కనిపిస్తుంది. రేపు చదువరి ఎవరైనా ఒక శ్లోకానికి వేరే పాఠం చెబితే, ఏయే గీతలు కదులుతాయో వెంటనే తెలుస్తుంది.

ఒకదానికొకటి పడని సాక్ష్యాలకూ చోటుంది. మార్కో పోలో రుద్రమను చనిపోయిన రాజు భార్యగా రాశాడు. శాసనాల ప్రకారం ఆమె గణపతిదేవుడి కూతురు, నిడదవోలు చాళుక్య వీరభద్రుడి భార్య. మార్కో పోలో మాట కోసం గణపతిదేవుడికి మరో ఫ్యామిలీ కట్టకూడదు. అతని రాతను సైటేషన్‌గా చేర్చి, కాన్ఫిడెన్స్‌ను ఐదు మెట్లలో అడుగున 'వెరీ లో' దగ్గర పెట్టి, కారణం నోట్‌లో రాస్తే చాలు. ఊళ్ళలో వంశరాజులు చెప్పే గోత్రాల వరసలనూ ఇలాగే, విన్న తేదీతో సహా సోర్స్‌గా పెట్టుకోవచ్చు.

ఊర్లకూ ఇదే పట్టు ఉంది. ఒక స్థలం మరో స్థలంలో ఉందని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందని చెప్పొచ్చు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్ళింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది. స్థలం పేరు మళ్ళీ మళ్ళీ టైపు చేయక్కర్లేదు, తేదీని బట్టి జిల్లా అదే మారుతుంది.

చుట్టరికం చెప్పే రిలేషన్‌షిప్ కాల్‌క్యులేటర్ లెక్క తప్పదు, మాట మాత్రం మనకు చాలదు. గిల్బర్ట్ మ.1230, అతని భార్య ఇజబెల్ మార్షల్ ఇద్దరికీ నాలుగు తరాల పైన ఒకే పెద్ద: సుమారు 1117లో పోయిన గిల్బర్ట్ ఫిట్జ్ రిచర్డ్. ఇజబెల్ తల్లి క్లేర్ ఆడపడుచు, ఐర్లండులో కాలుపెట్టిన స్ట్రాంగ్‌బో కూతురు. గ్రాంప్స్ ఆ జంటను 'థర్డ్ కజిన్స్' అని సరిగ్గానే తేల్చింది. కానీ ఇంగ్లీషులో నడిపితే మేనమామైనా బాబాయైనా 'అంకుల్', మేనమామ కూతురైనా పెదనాన్న కూతురైనా 'ఫస్ట్ కజిన్'. ఒకరు మరదలు, ఒకరు చెల్లెలు అన్న తేడా దానికి పట్టదు. సంబంధాలు కలుపుకోవడానికి దీన్ని నమ్మితే ఇంట్లో గొడవే! అక్కడ చర్చి 1215 దాకా ఏడో మెట్టు వరకు, ఆ తర్వాత నాలుగో మెట్టు వరకు రక్తసంబంధంలో పెళ్ళి కూడదంది. మనకేమో మేనరికం మొదటి వరస.

మేనరికాలున్న కుటుంబాలు చార్టు రకం చూసి ఎంచుకోవాలి. డిసెండెంట్ ట్రీ రిపోర్టులో ఒకే మనిషి రెండు దారుల్లో వస్తే రెండు చోట్ల కనిపిస్తాడు. రిలేషన్‌షిప్ గ్రాఫ్‌లో ఒక మనిషికి ఒకే పెట్టె, గీతలే అటూ ఇటూ పోయి కలుస్తాయి. చూడడానికి చిక్కుముడిలా ఉన్నా నిజం అదే.

పంపకాలు మాత్రం దీనికి రావు. మార్షల్ వంశం కథ పంపకాల కథే. 1219లో పోయిన విలియం మార్షల్‌కు ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్ళు. కొడుకులు 1231, 1234, 1241, 1245 నవంబరు, 1245 డిసెంబరుల్లో వరసగా, న్యాయబద్ధమైన సంతానం లేకుండానే పోయారు. ఆస్తి ఐదుగురు ఆడపిల్లల శాఖలకు సమానంగా చీలింది. ఐర్లండులోని లీన్‌స్టర్‌లో కార్లో ఒక శాఖకు, కిల్కెన్నీ ఒకరికి, కిల్డేర్ ఒకరికి, వెక్స్‌ఫర్డ్ ఒకరికి, డనమేజ్ ఒకరికి వెళ్ళాయి. సిబిల్‌కు ఏడుగురు కూతుళ్ళు కాబట్టి ఐదో వంతు మళ్ళీ ఏడు ముక్కలై, ఒక్కొక్కరికి 35లో ఒక వంతు దక్కింది. ఈ భిన్నాలను గ్రాంప్స్ లెక్కించదు. 'వాటా' అని సొంత ఆట్రిబ్యూట్ సృష్టించి చేత్తో రాసుకోవాలి. ఇక్కడ భూముల కోసం వంశవృక్షం కట్టుకునేవాళ్ళు దీన్ని గమనించాలి. ఈ చార్టు మన జ్ఞాపకానికి పనికొచ్చేది, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రానికి బదులు కాదు.

'వెరిఫై ది డేటా' అనే పరికరం పెళ్ళి వయసు, తల్లి వయసు వంటివి అనుమానాస్పదంగా ఉంటే పట్టిస్తుంది. దాని హద్దులు ఈ కాలపు మనుషులకు పెట్టినవి. మధ్యయుగపు చెట్టు మీద నడిపితే బాల్యవివాహాల హెచ్చరికలే కుప్పగా వస్తాయి. వయసు హద్దులు తగ్గించి మళ్ళీ నడపండి. అప్పుడు మిగిలేవి చాలావరకు అసలు తప్పులే: తండ్రి పోయిన పదేళ్ళకు పుట్టిన కొడుకు, తప్పు రిచర్డ్‌కు తగిలించిన పెళ్ళి.

ఒక వంశవృక్షం ప్రోగ్రాం నుంచి మరోదానికి వివరాలు పంపే ఫైళ్ళను జెడ్‌కామ్ అంటారు. క్లేర్ వంశానివి నెట్‌లో కొల్లలుగా దొరుకుతాయి. వాటిని నేరుగా సొంత చెట్టులోకి దిగుమతి చేయొద్దు. దిగుమతి అయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఖాళీ చెట్టు ఒకటి తెరిచి అందులోకి తెచ్చి, ఆధారం ఉన్న గీతలే చూసి చేత్తో ఎక్కించుకోవాలి. బయటికి పంపేటప్పుడు కూడా జెడ్‌కామ్‌లో కొంత రాలిపోతుంది. ఒకే ఈవెంట్‌లో పలువురు పాల్గొన్నట్టు గ్రాంప్స్‌లో రాసుకున్నది అవతల అలాగే ఉండదు. బతికున్నవాళ్ళ వివరాలు ఎగుమతిలో దాచే ఎంపిక ఉంది. సొంత కుటుంబం ఫైలు ఎవరికైనా ఇచ్చే ముందు దాన్ని తప్పక వాడండి.

అచ్చు వేయించడం ఆఖరి గండం. డిసెండెంట్ ట్రీ లాంటి చార్టుల్లో స్టైల్ ఎడిటర్ తెరిచి తెలుగు యూనికోడ్ ఫాంటు ఎంచుకోవచ్చు. రిలేషన్‌షిప్ గ్రాఫ్‌లో ఫాంటు ఎంపిక పరిమితం. పెట్టెల అంచులు దాటి ఒత్తులు బయటికి వస్తున్నాయేమో తెర మీద పెద్దది చేసి చూడాలి. వస్తే ఫాంటు సైజు ఒక మెట్టు తగ్గించాలి. ఫైలును పీడీఎఫ్‌గానే ఫ్లెక్సీ షాపుకు ఇవ్వండి. హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ చాలా డీటీపీ సెంటర్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో పనిచేస్తాయి. యూనికోడ్ అక్షరాలను కాపీ చేసి వాళ్ళ పేజీలో అతికిస్తే 'క్ష', 'త్ర', 'ర్య' ముక్కలవుతాయి. పీడీఎఫ్ తెరుచుకోకపోతే చిత్రంగా ఇవ్వాలి. ఏ0 సైజు, అంటే 841 బై 1189 మిల్లీమీటర్లు, అంగుళానికి 150 చుక్కల లెక్కన దాదాపు 4967 బై 7022 పిక్సెళ్ళు అవుతుంది. గోడకు తగిలించే చార్టుకు ఇది చాలు. ఫ్లెక్సీ మీద సన్న గీతలు అలుక్కుపోతాయి కాబట్టి మొత్తం వేయించే ముందు అడుగు బై అడుగు ముక్క ఒకటి వేయించి, అతి చిన్న అక్షరం చదవొస్తుందో లేదో చూసుకోండి.

రేటింగ్ అడిగితే ఐదుకు నాలుగు. తగ్గిన ఒకటీ శక సంవత్సరం లేనందుకూ, మొదటి గంట విసుగుకూ. ఇరవై మంది పేర్లతో పెళ్ళి పత్రికకు చెట్టు గీయించుకోవాలనుకుంటే ఇంత అక్కర్లేదు, డీటీపీ సెంటర్‌లో గీయించుకోవడమే నయం. పదుల కొద్దీ శాసనాలో, దస్తావేజులో ముందేసుకుని కూర్చునేవాళ్ళు దీన్నే వేసుకోవాలి. పని ముగించే ప్రతిసారీ మేక్ బ్యాకప్ నొక్కి, ఫోటోలతో సహా జీపీకేజీ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ ఉంచుకోండి.